'దళిత్' పెద్ద 'డి'తోనే రాద్దాం

తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. 'దళితుడు' అని రాసినా, 'కలెక్టర్' అని రాసినా అక్షరాలన్నిటిదీ ఒకటే ఎత్తు. ఇంగ్లీషులో అలా కాదు. మన మిత్రులు రాసే ఇంగ్లీషు ప్రకటనల్లో ఒక విషయం తరచూ చూస్తున్నాం. 'రెడ్డి'కి పెద్ద 'ఆర్' ఉంటుంది, అదే వాక్యంలో 'మాదిగ'కు చిన్న 'ఎం' ఉంటుంది. కలెక్టర్‌కు క్యాపిటల్ ఇస్తాం, 'దళిత్'కు ఇవ్వం. రాసింది మనవాళ్లే. అలవాటులో జరిగిపోయే పొరపాటు ఇది.

ఇది చిన్న విషయం కాదని అమెరికా నల్లజాతి ఉద్యమం ఎప్పుడో గుర్తించింది. 'నీగ్రో' అనే మాటను పెద్ద 'ఎన్'తో రాయాలని డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఏళ్ల తరబడి పోరాడారు. న్యూయార్క్ టైమ్స్ 1930లో గానీ ఒప్పుకోలేదు. తర్వాత ఆ మాటనే ఆ సమాజం వదిలేసి 'బ్లాక్' అని చెప్పుకుంది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ 'బ్లాక్'ను పెద్ద 'బి'తో రాయాలని నిర్ణయించింది. అది ఒంటి రంగును చెప్పే విశేషణం కాదు, ఉమ్మడి చరిత్ర ఉన్న ప్రజల పేరు అన్నదే అందులోని వాదం. 'దళిత్'కూ అదే వర్తిస్తుంది. నలిగినవాళ్లు అనే అర్థం నుంచి పుట్టినా, ఇవాళ అది మనం ఎంచుకున్న పేరు. పేరుకు ఇంగ్లీషులో పెద్దక్షరమే నియమం.

మరి ఎక్కడ ఎలా రాయాలి?

ఫిర్యాదులు, వినతిపత్రాల్లో చట్టం వాడిన మాటనే వాడాలి. 'షెడ్యూల్డ్ క్యాస్ట్స్' రాజ్యాంగం 341వ అధికరణంలో ఉన్న మాట. రెండు పదాలకూ పెద్దక్షరాలే. 1989 అట్రాసిటీ నిరోధక చట్టం పేరుకూ అంతే. ఉపకులం పేరు రాస్తే, నిందితుల కులానికి ఇచ్చిన పెద్దక్షరమే బాధితుల కులానికీ ఇవ్వాలి.

వార్తల శీర్షికలకు రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో ముఖ్యమైన పదాలన్నీ పెద్దక్షరంతో మొదలవుతాయి. రెండోదానిలో మొదటి పదం, పేర్లు మాత్రమే. ఏది ఎంచుకున్నా 'దళిత్' పేరు కాబట్టి పెద్ద 'డి' మారదు. వార్త లోపల మాత్రం, పేరు ముందు వస్తే తప్ప, కలెక్టర్‌కు చిన్న 'సి' చాలు.

పరిశోధన వ్యాసాల్లో యూనివర్సిటీ చెప్పిన శైలిని పాటించాలి. విద్యార్థులు ఎక్కువగా వాడే ఏపీఏ శైలి కూడా జాతి, సముదాయాల పేర్లకు పెద్దక్షరమే ఇమ్మంటుంది. గైడ్ అభ్యంతరం చెబితే ఆ నియమం చూపించండి.

హ్యాష్‌ట్యాగ్‌లలో ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది చేయాలి. లేకపోతే చూపులేని మిత్రులు వాడే స్క్రీన్ రీడర్ పదాలను విడదీసి చదవలేకపోవచ్చు.

కోపం చూపడానికి మొత్తం కరపత్రాన్ని పెద్దక్షరాల్లో కొట్టకండి. చదవడం కష్టం. పైగా అన్నీ పెద్దవే అయితే మన పేరుకిచ్చిన గౌరవం కనబడదు.

'దళిత్' అనే మాట వాడొద్దని 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ ఛానళ్లకు సలహా ఇచ్చింది. మన పేరును ఇతరులు తుడిచేయాలని చూస్తున్నప్పుడు మన చేతులతోనే దాన్ని చిన్నది చేయకూడదు. ఈసారి ప్రకటన పంపేముందు ఒక్కసారి ఆ 'డి' సరిచూసుకుందాం.