బీమా కాగితాలు ఒకసారి బయటికి తీయండి

పప్పు డబ్బాలో ఎంత పప్పుందో, గ్యాసు బండ ఇంకెన్నాళ్లొస్తుందో మనం కళ్లు మూసుకుని చెప్పేస్తాం. మరి ఇంట్లో ఎన్ని బీమా పాలసీలున్నాయని ఎవరైనా అడిగితే? "అవన్నీ మావారే చూసుకుంటారు" అంటాం. కానీ ఆ కాగితాలతో పని పడే రోజున వారు పక్కన ఉండకపోవచ్చు. అనుకోవడానికే కష్టంగా ఉన్నా ఇది మాత్రం నిజం.

ఓ ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుని పాలసీలన్నీ ముందేసుకోండి. ఓ నోటుబుక్కులో ఒక్కో పాలసీకి ఒక్కో పేజీ పెట్టండి. పాలసీ నెంబరు, ఎవరి పేర ఉంది, ఎంత మొత్తానికి, ప్రీమియం ఎంత, ఏ తేదీకి కట్టాలి, ఎప్పుడు ముగుస్తుంది, నామినీ ఎవరు, ఏజెంటు ఫోను నెంబరు – ఇవన్నీ రాయండి.

అన్నిటికంటే ముందు నామినీ పేరు చూడండి. పెళ్లికి ముందు తీసుకున్న వాటిలో తల్లి పేరో, తండ్రి పేరో ఉంటుంది. మా వీధిలో ఒకావిడ భర్త పోయాక బాండు తీసి చూస్తే, నామినీగా ఎప్పుడో కాలం చేసిన అత్తగారి పేరుంది. డబ్బు చివరికి చేతికొచ్చింది గానీ, వారసత్వ పత్రం కోసం ఏడాది పైనే కోర్టు చుట్టూ తిరిగింది. పాలసీ నడుస్తుండగా ఒక ఫారం నింపి ఇస్తే నామినీని మార్చుకోవచ్చు. నామినీ మైనరయితే, వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దవారి పేరు కూడా రాయించాలి.

జీవిత బీమా ప్రీమియం తేదీ దాటినా కంగారు పడనక్కర్లేదు. ఏడాదికో, ఆరు నెలలకో, మూడు నెలలకో కట్టేవాటికి 30 రోజులు, నెలనెలా కట్టేవాటికి 15 రోజులు వెసులుబాటు ఉంటుంది. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జి.ఎస్.టి. తీసేశారు. రసీదు ఓసారి చూసుకోండి.

బ్యాంకు పాసుబుక్కు కూడా తిరగేయండి. ఏటా 436 రూపాయలు పోతుంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, 20 రూపాయలు పోతుంటే సురక్ష బీమా. మనిషి పోతే ఒక్కో దానికీ 2 లక్షలు వస్తాయి. అయితే సురక్ష బీమా ప్రమాదాలకు మాత్రమే. ఉన్నట్టే తెలియకపోతే ఎవరు వెళ్లి అడుగుతారు చెప్పండి?

ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు షుగరు, బీపీ ఉంటే దాచకండి. దాచితే ఆసుపత్రి బిల్లు దగ్గర పేచీ వస్తుంది.

వ్యాపారం, అప్పులు ఉన్న ఇళ్లవారు ఏజెంటుని వివాహిత స్త్రీల ఆస్తి చట్టం గురించి అడగండి. 1874 నాటిదైనా మనకెంతో ఉపయోగపడే చట్టం. పాలసీ తీసుకునేటప్పుడే దీని కింద భార్యాపిల్లల కోసమని రాయిస్తే, మామూలుగా ఆ డబ్బు అప్పులవాళ్ల చేతికి పోదు.

చివరగా, ఆ నోటుబుక్కు ఎక్కడ పెట్టారో ఎదిగిన పిల్లలకో, తోబుట్టువులకో చెప్పి ఉంచండి. ఏటా ఉగాది పచ్చడి తిన్నాక, పంచాంగంతో పాటు దాన్నీ ఓసారి చూసుకుంటే సరి!