హుజూర్‌నగర్ రైతులు ఎన్నుకున్న ఉర్దూ కవి

సెప్టెంబరు 17 దగ్గర పడుతోందంటే మన పిల్లలు పనిచేసే ఆఫీసుల్లో ఒక చర్చ మొదలవుతుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో మన ఇళ్ల అబ్బాయిలు, అమ్మాయిలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్నారు. మధ్యాహ్న భోజనం వేళ ఎవరో నిజాం ప్రస్తావన తెస్తారు. మరొకరు రజాకార్ల మాట ఎత్తుతారు. ఆ తర్వాత చూపులన్నీ అక్కడ కూర్చున్న ముస్లిం ఉద్యోగి వైపు తిరుగుతాయి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం ఆ రోజును విమోచన దినంగా జరుపుతోంది. రాష్ట్రంలో అంతకుముందున్న ప్రభుత్వం సమైక్యతా దినమన్నది, 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. అదే ఏడాది రజాకార్ల పేరుతో ఒక సినిమా కూడా వచ్చింది. మా దగ్గర చదువుకుని ఇప్పుడు ఆ ప్రాంతంలో పనిచేస్తున్న కొందరు "ఉస్తాద్, మేమేం జవాబు చెప్పాలి?" అని అడుగుతున్నారు.

గొంతు పెంచి వాదించవద్దని, మఖ్దూం మొహియుద్దీన్ గురించి చెప్పమని వారికి చెబుతున్నాము.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. బాబాయి బషీరుద్దీన్ పెంచారు. ఇంట్లో దీనీ వాతావరణం. పిల్లవాడిగా మస్జిద్ ఊడ్చేవాడినని, వుజూకు నీళ్లు తోడిపెట్టేవాడినని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. రష్యాలో విప్లవం వచ్చిందని, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని బాబాయి చెప్పిన మాట ఆ పసి మనసులో నాటుకుపోయింది. మార్క్స్ పుస్తకం కన్నా ముందు ఆయనకు అందింది ఈ దస్తర్‌ఖాన్ కబురే. పేదరికంతో కుస్తీ పడుతూనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేశారు. సిటీ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. ఆ రోజుల్లో అది గౌరవం, నెల జీతం, నిశ్చింత ఉన్న కొలువు. ఉద్యమం కోసం దాన్ని వదిలేశారు.

ఎందుకు వదిలేశారో తెలియాలంటే అప్పటి భూమి సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాద్ సంస్థానంలో దాదాపు పదో వంతు నేల సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించినది. మరో మూడు పదుల వంతు జాగీర్దార్లది, పాయగాలది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై మహానగరంగా మారిన ఆ పడమటి దిక్కున కూడా ఇలాంటి భూములుండేవి. హఫీజ్‌పేట పాయగా భూముల తగాదాలు మన కాలం దాకా కోర్టుల్లో నడిచాయి. మిగిలిన దివానీ గ్రామాల్లో దేశ్‌ముఖ్‌లు, పటేళ్లు రాజ్యం చేసేవారు. వెట్టి చేయించుకునేవారు. ఈ దొరల్లో చాలామంది హిందువులే. వెట్టి చేసినవారిలో దళితులున్నారు, కల్లుగీత కార్మికులున్నారు, పేద ముస్లింలూ ఉన్నారు.

షేక్ బందగీ పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కాడు. దేశ్‌ముఖ్ మనుషులు చంపేశారు. చనిపోయినవాడు ముస్లిం, చంపించింది హిందూ దొర, ఆ దొర వెనక ఉన్నది నిజాం పాలన. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకానికి ప్రాణం ఈ బందగీ కథే. దీన్ని హిందువులకు, ముస్లింలకు మధ్య జరిగిన యుద్ధమని చెప్పేవారు బందగీని ఏ వైపు నిలబెడతారు?

మఖ్దూం నగరంలో కార్మికుల వైపు వెళ్లారు. చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, రైల్వే, షాబాద్ సిమెంటు కార్మికులను సంఘాలుగా కూడగట్టారు. 1944లో 'సుర్ఖ్ సవేరా' కవితా సంపుటి వచ్చేనాటికే ముషాయిరాల్లో ఆయన పేరు మారుమోగుతోంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాక పల్లెలు అంటుకున్నాయి. 1947 సెప్టెంబరు 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపు వెలువడింది. దాని మీద మూడు పేర్లున్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్.

ఆ మూడో పేరు దగ్గర కాసేపు ఆగండి. ఖాసిం రజ్వీ మనుషులు పల్లెల మీద పడుతున్న కాలంలో, ముస్లిం అయినవాడు నిజాంను ఎదిరించడం ద్రోహమనే ప్రచారం సాగుతున్న నగరంలో, ఒక ముస్లిం తన పేరు బహిరంగంగా పెట్టాడు. ఆ కాలంలో దాని ధర ఏమిటో పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మరణం చెబుతుంది. భారతదేశంలో చేరిపోవాలని 'ఇమ్రోజ్'లో రాసినందుకు 1948 ఆగస్టులో ఆయనను నడివీధిలో నరికి చంపారు.

మఖ్దూంను నిజాం ప్రభుత్వం వెతికింది. పోలీసు చర్య తర్వాత వచ్చిన ప్రభుత్వమూ వెతికింది. 1951లో దొరికారు, జైల్లో పెట్టారు. పోరాటాన్ని 1948 తర్వాత కూడా ఆయుధాలతో సాగించడం సరి కాదని ఆ మూడు పేర్లలో మొదటివారైన రావి నారాయణరెడ్డే వాదించారు. మా అభిప్రాయమూ అదే. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాలు తక్కువ కాదు. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

ఇక మాకు అన్నిటికన్నా ప్రియమైన సంగతి. 1952లో జరిగిన ఉప ఎన్నికలో నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ నుంచి మఖ్దూం శాసనసభకు ఎన్నికయ్యారు. అంతా తెలుగు పల్లెలు. రజాకార్ల దాడులను కళ్లారా చూసి నాలుగేళ్లయినా కాలేదు. గాయాలు పచ్చిగానే ఉన్నాయి. ఆ రైతులు ఓటేసింది ఒక మౌల్వీ పేరున్న మనిషికి, ఉర్దూలో కవిత్వం చెప్పే మనిషికి. ఎవరు తమ పక్షాన నిలిచారో, ఎవరు తమ మీదికి వచ్చారో వారికి స్పష్టంగా తెలుసు. ఎయిర్ కండిషన్ గదుల్లో కూర్చుని ఇవాళ చరిత్ర చెబుతున్నవారికి ఆ తేడా తెలియకపోవడమే విచిత్రం.

ఆ తర్వాత ఆయన శాసన మండలిలో ప్రతిపక్ష నాయకుడిగా చాలా కాలం పనిచేశారు. 'బిసాత్-ఎ-రఖ్స్'కు 1969లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన ఘజళ్లు, నజ్మ్‌లు హిందీ సినిమాల్లోకి వెళ్లాయి. 'బాజార్', 'గమన్' పాటలు విన్నవారిలో సగం మందికి అవి మన ఆందోల్ మనిషి రాసినవని తెలియదు. హిమాయత్‌నగర్‌లో సీపీఐ రాష్ట్ర కార్యాలయానికి మఖ్దూం భవన్ అని పేరు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది.

మదరసాలో చదువుకున్న మాకు ఆయన సిద్ధాంతంతో పేచీ ఉంది. మతం గురించి కమ్యూనిస్టులు చెప్పేది మేము ఒప్పుకోము. ఈ కారణంగానే మన పెద్దలు చాలామంది ఆయన కవిత్వాన్ని మెచ్చుకుని, ఆయన జీవితాన్ని పిల్లలకు చెప్పకుండా దాటేశారు. ఫలితం ఏమిటి? ఆనాటి ముస్లిం అంటే ఖాసిం రజ్వీ ఒక్కడే అన్నట్టు మిగిలిపోయింది. రజ్వీ జైలు నుంచి విడుదలై 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. మఖ్దూం ఇక్కడే ఉన్నారు. అప్పు తెచ్చుకున్నట్టు రజ్వీ లెక్క మన పిల్లలు ఎందుకు తీర్చాలి?

గచ్చిబౌలిలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో, సైబర్ టవర్స్ తెరిచిన ఏడాదే, అదీ మొదలైంది. ఉర్దూ లిపి రాని మన ఇంజనీరు పిల్లలు అక్కడ చదివే తోటివారిని అడిగి మఖ్దూం కవితలు చదివించుకుని వినవచ్చు.

1969 ఆగస్టు 25న ఆయన ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చి నాంపల్లిలోని హజ్రత్ షా ఖామోష్ దర్గా ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు. హైటెక్ సిటీ స్టేషన్‌లో నాంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే, దిగిన చోటు నుంచి అది ఎంతో దూరం కాదు.