వంటింటికి ఒక రోజు సెలవు

మన ఇళ్లలో స్త్రీల ప్రయాణాలను లెక్కించి చూస్తే మూడు కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి: పెళ్లి, ఆసుపత్రి, పరామర్శ. ఊరికే తిరిగి చూసి రావడానికని వారు గడప దాటడం అరుదు. ఎప్పుడైనా కుటుంబమంతా విహారానికి బయలుదేరినా, తెల్లవారకముందే లేచి బగారా అన్నం వండి డబ్బాలకు ఎత్తేది ఇల్లాలే. తక్కినవారికి అది సెలవు, ఆమెకు మాత్రం అదనపు పని. ఈ సంగతి గుర్తుంచుకొని, అన్నం డబ్బా లేకుండా, తొందర లేకుండా ఒక రోజు గడపాలని మేము నిశ్చయించుకున్నాము.

జపాను వీధుల్లో నింపాదిగా తిరుగుతూ చిరుతిళ్లు రుచి చూసే యాత్రికుల దృశ్యాలను మన పిల్లలు ఫోన్లలో చూసి ముచ్చటపడుతున్నారు. చూడదగిన దేశమే. 1935లో కోబే నగరంలో వెలసిన మసీదు నిర్మాణానికి అక్కడ స్థిరపడిన భారతీయ ముస్లిం వర్తకులు కూడా చేయూతనిచ్చారు. అయితే అక్కడ ముస్లిం యాత్రికుడు ప్రతి ముద్దనూ విచారించి తినాలి. వంటలో వాడే మిరిన్‌లో మద్యం ఉంటుంది, పులుసులో పంది కొవ్వు కలిసి ఉండవచ్చు. రఘునాథపల్లి నుంచి బయలుదేరే మనకు ఆ చిక్కు చాలావరకు లేదు. శనగపిండి, బియ్యప్పిండి, పల్లీలు, మక్క కంకులు మన దారి పొడవునా దొరికే ఆహారం. ఈ సౌలభ్యం విలువ మనం గుర్తించడం లేదు.

సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద ఉన్న రఘునాథపల్లి, 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు వరంగల్ జిల్లాలోనిదే. ఇప్పుడు జనగామ జిల్లాకు చెందుతుంది. వానకాలం వెళ్లిన ఒక ఉదయం మేము ప్యాసింజరు రైలెక్కాము. ఇరువైపులా పత్తి చేలు, చెరువు గట్లు, బుట్టల్లో సీతాఫలాలు. స్టేషన్ ఘన్‌పూర్ దాటి కాజీపేట మీదుగా వరంగల్ చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు.

మొదట కోటకు వెళ్లాము. గణపతిదేవుడు ప్రారంభించిన ఈ కోటను ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేయించింది. మట్టిగోడ, రాతిగోడ దాటి లోపలికి వెళితే నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నిలిచి ఉన్నాయి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినారుతో పాటు చోటు పొందినది ఈ తోరణమే. 1323లో ఢిల్లీ సేనలు కోటను గెలిచి ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాయి. ఆ పేరు నిలవలేదు, ఓరుగల్లు నిలిచింది. సమీపంలోనే ఏటవాలు గోడలతో, ఎత్తైన కమానులతో ఖుష్ మహల్ కనిపిస్తుంది. గెలిచినవారి కట్టడమూ ఓడినవారి తోరణమూ నేడు ఒకే ఎండలో, ఒకే మౌనంలో ఉన్నాయి. గతించిన జాతుల ఆనవాళ్లను చూసి ఆలోచించమన్న బోధన మనకు కొత్తది కాదు. రాళ్ల మీద పేర్లు చెక్కడం మాత్రం ఆలోచన లేని పని. రక్షిత కట్టడాలకు నష్టం కలిగించినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే చట్టం ఉన్నది. పిల్లలకు ఈ మాట అక్కడే నిలబడి చెప్పడం మేలు.

జుహర్ నమాజు తరువాత ఆకలి వేసింది. ప్రయాణంలో స్త్రీలకు వుజూకు, నమాజుకు చోటు ఎక్కడ ఉన్నదో ముందుగానే విచారించుకోవాలి. లేకుంటే వారి రోజంతా ఆ చింతతోనే గడుస్తుంది. రోడ్డు పక్కన ఒక తల్లి సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కారం, కరివేపాకు కలిపి, గుండ్రని గిన్నె లోపలి అంచులకు అద్ది, వేలితో చిల్లులు పొడిచి, వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెడుతోంది. గిన్నెలో చేసేది కనుక దీనిని గిన్నప్ప అని కూడా అంటారు. “కూసోండ్రి అమ్మా, వేడివేడిగ తీసిస్త” అన్నది ఆమె. మా ఇంటి దాదీ బల్ల మీద కూర్చుని, తాను పొయ్యి ముట్టించకుండానే తన చేతికి వచ్చిన పళ్లెం వైపు ఒక్క క్షణం చూస్తూ ఉండిపోయింది. తరువాత మెల్లగా తినసాగింది.

మన ఇల్లాలికి దొరికిన ఈ విశ్రాంతి ఆ రెండో స్త్రీ శ్రమ మీద నిలిచి ఉన్నది. మాల్‌లో ముద్రించిన ధరకు మారు మాట్లాడని మనం, బండి దగ్గర అయిదు రూపాయలకు బేరమాడటం న్యాయమేనా? వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులకే, వాటిలో మూడింట ఒక వంతు స్త్రీలకు దక్కాలని అది చెబుతున్నది. కరోనా కాలంలో, 2020లో, కేంద్ర ప్రభుత్వం వారికి తొలి విడతగా 10,000 రూపాయల వరకు అప్పు ఇచ్చే పథకం తెచ్చింది. మన వంతుగా మనం ఇవ్వవలసినది సరైన ధర, మంచి మాట.

న్యాయంగా ఉండటమంటే శుభ్రతను అడగకపోవడం కాదు. నూనె నల్లబడి, నురగ కట్టి, ఘాటుగా వాసన వేస్తుంటే ఆ మూకుడులోని మిర్చీ బజ్జీ వద్దనుకోవాలి. అచ్చు సిరాలోని హానికర పదార్థాలు ఆహారానికి అంటుతాయి కనుక వార్తాపత్రిక ముక్కకు బదులు ఆకు అడగాలి. కోసి పెట్టిన పండ్లకన్నా అప్పుడే ఒలిచిన సీతాఫలం, అప్పుడే కాల్చిన మక్క కంకి మేలు. తిన్న తరువాత ఆకు, తొక్క ఎక్కడపడితే అక్కడ విసరరాదు. జపాను వీధుల్లో చెత్తబుట్టలు చాలా తక్కువ. జనం తమ చెత్తను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకువెళతారు. ఈ అలవాటును మనం అరువు తెచ్చుకున్నా తప్పు లేదు.

మధ్యాహ్నం కొత్తవాడలో మగ్గాల చప్పుడు వింటూ నడిచాము. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు నేసేది ఇక్కడే. అసర్ తరువాత భద్రకాళి చెరువు కట్ట మీద చల్లగాలికి కూర్చుని, ఉడికించిన శనగల గుడాలు తిని, చాయ్ తాగాము. పిల్లలు నీటి మీద పక్షులను లెక్కపెట్టారు. ఎవరూ గడియారం చూడలేదు.

ఇటువంటి రోజుకు అప్పు చేయనవసరం లేదు, పాస్‌పోర్టు అవసరం లేదు. కావలసినది ఒక్కటే: ఇంటి యజమాని ముందు రోజు రాత్రి “రేపు ఎవరూ వంట చేయవద్దు” అని చెప్పి, ఆ మాట నిలుపుకోవడం. నెలకొకసారి కాకపోయినా, ఋతువుకొకసారి అయినా ఈ మాట ప్రతి ఇంటా వినిపించాలని మా ఆకాంక్ష.