పాత గిరాకి ముందు ఇస్త్రీ చొక్కా

దసరా ముందు మందమర్రిలో చొక్కాలు తళతళలాడుతాయి. సింగరేణి బొగ్గు గనుల కార్మికుల ఖాతాల్లో లాభాల వాటా పడే రోజులవి. 2024లో పంపకానికి లెక్కగట్టిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు దక్కాయి. తలా సగటున 1 లక్షా 90 వేలు. అంత డబ్బు ఒక్కసారి బొగ్గు ఊళ్లల్లోకి వస్తుందంటే ఇన్సూరెన్స్ ఏజెంట్లు, చిట్టీల వాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు, బండ్ల షోరూం కుర్రాళ్లు క్వార్టర్ల చుట్టూ తిరుగుతారు. గడ్డం నున్నగా గీసుకుంటారు, చొక్కా టక్ చేస్తారు, చెప్పులకు బదులు బూట్లు తొడుగుతారు. కొత్త గిరాకి కదా.

మళ్లీ ఎండాకాలం రానివ్వండి. పదేళ్లుగా ప్రీమియం కడుతున్న ఇంటికి అదే ఏజెంటు నలిగిన చొక్కాతో, నాలుగు రోజుల గడ్డంతో వస్తాడు. మనోళ్లే కదా, ఏమనుకుంటారు అని ధీమా. తలుపు తీసిన పెద్దాయన మాత్రం ఆగి చూస్తాడు. "ఏమైంది తమ్మీ, పానం మంచిగ లేదా?" అంటాడు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, అనుమానమూ ఉంది. ఇతని పని సరిగ్గా నడుస్తున్నదా, మన కాగితాలు జాగ్రత్తగానే ఉన్నాయా అన్న అనుమానం. దాన్ని ఆయన పైకి అనడు. ఏజెంటు వినిపించుకోవలసింది అదే.

ఈ సడలింపు బద్ధకం వల్లే వస్తుందనుకోవద్దు, దాని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఎల్ఐసీ మామూలు ఎండోమెంట్ పాలసీల మీద చాలా ఏళ్లపాటు ఏజెంటుకు మొదటి ఏడాది ప్రీమియంలో బోనస్ కమిషన్‌తో కలిపి 35 శాతం దాకా ముట్టేది. రెండు, మూడు సంవత్సరాల్లో ఏడున్నర, ఆ తర్వాత 5 శాతం. రాబడి ముందే కుమ్మరిస్తే శ్రద్ధా ముందే ఖర్చయిపోతుంది. కానీ చిన్నదిగా కనిపించే ఆ 5 శాతం పాలసీ నడిచినన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. పాలసీలు మధ్యలో ఆగిపోకుండా ఎన్ని నిలిచాయన్నది బీమా కంపెనీలు 13వ నెలలో, మళ్లీ 61వ నెలలో లెక్కేస్తాయి. అయిదేళ్లు దాటినా పాలసీ నిలబడిందంటే అందులో గిరాకి నమ్మకమూ ఉంటుంది. ఇస్త్రీ చొక్కా ఒక్కటే ఆ నమ్మకాన్ని నిలబెట్టదు. నలిగిన చొక్కా మాత్రం దాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది.

మనిషి రూపం చూసి పనితనాన్ని అంచనా కట్టడం తప్పే. అయినా అందరం అదే చేస్తాం. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులను పరిశీలించాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడత దేనికది విడిగా మార్కులు వేయాలి. తీరా చూస్తే ఒకదానిలో ఎక్కువ వచ్చినవాడికి మిగతావాటిలోనూ ఎక్కువే పడ్డాయి. ఒక గుణం మీది అభిప్రాయం మిగతా గుణాల మీదికి పాకిందన్నమాట. క్వార్టర్ గుమ్మం దగ్గర జరిగేదీ అదే. పాత పరిచయం ఈ పాకుడును పూర్తిగా ఆపలేదు. పైగా పాత గిరాకికి పోల్చుకోవడానికి మీ పాత రూపం గుర్తుంటుంది. కొత్తవాడికి ఆ కొలబద్ద లేదు. అందుకే, మొదటిసారి కలిసినప్పటికంటే పదోసారి కలిసినప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం.

బొగ్గు ఊరిలో దీనికి ఇంకో బరువుంది. బాయి దిగి ఎనిమిది గంటలు పనిచేసి పైకొచ్చిన మనిషి కనురెప్పల అంచుల్లో కూడా బొగ్గు నుసి ఉంటుంది. గనుల దగ్గర స్నానాల గదులుండాలని 1959లోనే ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. ఫస్ట్ షిఫ్ట్ ముగిసి, ఒళ్లు రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, అప్పుడు మార్కెట్‌కో బ్యాంకుకో బయల్దేరే మనుషులు వీళ్లు. మసి వదిలించుకోవడానికి అంత పాటుపడినవాడికి, నీడపట్టున కూర్చుని పనిచేసేవాడు మురికి కాలర్‌తో ఎదురుపడితే ఏమనిపిస్తుంది? మంగలి షాపులో చూడండి. మెడకు చుట్టే గుడ్డ మీద ముందు మనిషి వెంట్రుకలు దులపకుండా అలాగే ఉంటే, ఇరవై ఏళ్ల గిరాకి కూడా నోరు మెదపకుండా పక్క షాపుకు మారిపోతాడు. కొత్త బ్లేడు కళ్లముందు విప్పి బిగించే మంగలి దగ్గర మాత్రం వరుసలో కూర్చుని ఎదురుచూస్తాడు.

శ్రద్ధ అంటే ఖరీదు అనుకుంటే చిక్కే. మేలో 45 డిగ్రీల ఎండలో కోటు, టై వేసుకుని కార్మికవాడలో తిరిగితే దూరం పెరుగుతుంది. ఏదో పెద్ద కంపెనీ వాడు వసూలుకొచ్చాడనుకుంటారు. లేత రంగు నూలు చొక్కా, కత్తిరించిన గోళ్లు, చెమట వాసన లేని ఒళ్లు, చిరగని సంచి చాలు. మధ్యాహ్నం తిరుగుళ్లుంటే బండి డిక్కీలో ఇంకో చొక్కా పెట్టుకోవచ్చు. ప్రీమియం రశీదులు మడతలు పడకుండా ఫైల్లో ఉంచడం కూడా ముస్తాబులో భాగమే, ఎందుకంటే గిరాకి చూపు ముఖం మీద నిలిచేది కాసేపే, ఆ తర్వాత చేతుల మీదికీ కాగితాల మీదికీ దిగుతుంది.

అమెరికాలో స్థిరపడ్డ సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1956లో అచ్చయిన తన పుస్తకంలో జనం ముందు మసలుకునే తీరును నాటకరంగంతో పోల్చాడు. వేదికకు తెర వెనక చోటు కూడా ఉండాలన్నాడు, అక్కడ మనిషి భుజాలు సడలించుకోవచ్చు. పాత గిరాకుల ఇళ్లను మనం తెలియకుండానే ఆ తెర వెనక చోటుగా మార్చుకుంటాం. చనువు మాటల్లో ఉండనివ్వండి, చాయ్ తాగండి, పిల్లల చదువుల గురించి అడగండి. సడలింపు మాత్రం మీ ఇంట్లోనే పెట్టుకోండి.

ఇక్కడ ఒక అన్యాయం గురించి చెప్పక తప్పదు. ఏజెంటు పెట్టే శ్రమకు కమిషన్ రూపంలో ఎంతో కొంత తిరిగొస్తుంది. బట్టల దుకాణంలో, బంగారం షాపులో, బ్యూటీ పార్లర్‌లో నెల జీతానికి నిలబడే ఆడపిల్లకు ఏమొస్తుంది? రోజూ వచ్చే గిరాకి ముందు రోజూ కొత్తగా కనిపించాలని యజమాని అడుగుతాడు. చీర, మ్యాచింగ్ జాకెట్టు, పూలు, ఫేస్ పౌడర్, ఇస్త్రీ ఖర్చు ఆమెదే. మగవాడికి గడ్డం గీసుకుంటే సరిపోయే చోట ఆమెకు తెల్లవారుజామునే గంట పని. ముస్తాబు వ్యాపారానికి అవసరమైతే అది పనిలో భాగమే, పనిలో భాగమైతే దాని ఖర్చు యజమాని భరించాలి. మందమర్రిలో అయినా మంచిర్యాలలో అయినా దుకాణదారులు ఈ దసరాకు తమ దగ్గర పనిచేసేవాళ్లకు రెండు జతల బట్టలు కుట్టించి, నెలనెలా ఉతుకు, ఇస్త్రీ డబ్బులు జీతంతో పాటు విడిగా ఇవ్వాలి.