బోర్డు బరువెక్కిందా? నీళ్లు తాగిందేమో చూడండి!

సర్ఫింగ్ అనగానే హవాయి దీవులో, ఆస్ట్రేలియానో గుర్తొచ్చే రోజులు పోయాయి. కర్ణాటక తీరంలో ఇషితా మాలవీయ 2007లోనే అలలెక్కడం నేర్చుకుని, ఆ తర్వాత ఎందరికో నేర్పారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆటకి మొదటిసారి చోటు దక్కింది. మన విశాఖలోనూ తెల్లారగట్ల ఋషికొండ వైపు వెళ్తే అలల మీద బోర్డులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి మా అమ్మాయిది. దానికి పదమూడేళ్లు.

ఎంతో సరదాగా మొదలుపెట్టిన పిల్ల రెండు నెలలు తిరక్కుండానే డీలా పడిపోయింది. "నా చేతుల్లో బలం లేదమ్మా. అందరూ అల ఎక్కేస్తున్నారు, నేను మాత్రం ఎంత ఈదినా అక్కడే ఉండిపోతున్నా" అనేది. ఇరుగుపొరుగు వాళ్లకి కావలసిందీ అదే కదా! "ఆడపిల్లకి ఆ సముద్రం ఎందుకండీ, రంగు తగ్గిపోతుంది కూడానూ" అని ఒకరూ, "భరతనాట్యంలో చేర్పించకపోయారా" అని ఒకరూ. పిల్ల కూడా మానేస్తానని అనడం మొదలుపెట్టింది.

అసలు సంగతి బయటపెట్టింది ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన. పిల్ల బోర్డు మోయలేక ఈడ్చుకొస్తుంటే సాయం చేద్దామని ఒక పక్క ఎత్తాడు. ఎత్తి, మళ్లీ దించి, చేత్తో తట్టి చూశాడు. "ఇది నీళ్లు తాగీసిందమ్మా. మా కర్ర తెప్పలూ ఇంతే. ఆరబెట్టకపోతే పిల్లెక్కడ లాగుద్దీ?" అన్నాడు.

ఆ రాత్రి బరువు చూసే మిషను మీద మా అమ్మాయిని ఒట్టిగా ఒకసారి, బోర్డు పట్టుకుని ఒకసారి నిలబెట్టాను. తేడా తొమ్మిది కిలోలు! అదే సైజు కొత్త బోర్డు ఒకటి తెలిసినవాళ్లింట్లో ఉంటే అదీ తూచి చూశాం. అయిదున్నర. అంటే మూడున్నర లీటర్ల సముద్రాన్ని మా పిల్ల రోజూ మోసుకుంటూ ఈదుతోందన్నమాట. మేం కొన్నది సెకండ్ హ్యాండ్ బోర్డు. అమ్మినాయన "ఏడాది కూడా వాడలేదండీ" అన్నాడు. వాడలేదేమో గానీ, నీళ్లు మాత్రం బాగా పట్టించాడు!

పైకి పొడిగానే కనిపిస్తుంది

నేర్చుకునే వాళ్లకిచ్చే మెత్తటి బోర్డుల్లో చాలావాటి లోపల ఉండేది థర్మోకోలే. కొత్త టీవీకి దెబ్బ తగలకుండా అట్టపెట్టెలో పెడతారు చూడండి, ఆ జాతే. సగ్గుబియ్యంలాంటి తెల్లటి గింజలన్నీ ఆవిరి వేడికి అతుక్కుని దిమ్మెగా తయారవుతాయి. గింజలోకి నీరు అంత తేలిగ్గా చొరబడదు. కానీ గింజకీ గింజకీ మధ్య సందులుంటాయి, నీరు చేరేది అక్కడే. ఈ దిమ్మెకి పైన యోగా చాపలాంటి మెత్తటి పొర, అడుగున బకెట్లు చేసే రకం నున్నటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. గట్టిదనానికి మధ్యలో నిలువునా చెక్క బద్ద వేస్తారు.

పొరలు బాగున్నంత కాలం చుక్క నీరు లోపలికి పోదు. మరి ఎలా పోతుంది? రాళ్లకి తగిలి చిరిగినచోట పోతుందని అందరికీ తెలుసు. ఎక్కువమంది చూడని దారి ఇంకొకటుంది. ఈ బోర్డులకి తోక వైపు రెక్కలుంటాయి. వాటి మరలు ఈ పక్క నుంచి ఆ పక్కకి బోర్డులోంచి దూసుకుపోతాయి. కాలికి కట్టుకునే తాడు తగిలించే బిళ్ల కూడా చాలా బోర్డుల్లో ఇలాగే ఉంటుంది. మర కాస్త వదులైతే చాలు, అక్కణ్ణుంచే దారి.

దీనికి ఎండ కూడా తోడవుతుంది. బోర్డుని ఇసకలో ఎండకి పెడితే లోపలి గాలి వేడెక్కి, వ్యాకోచించి, ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే మిగిలిన గాలి ముడుచుకుని, అదే సందులోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. మందు చుక్కలు వేసే రబ్బరు తల పిల్లర్ ఉంటుంది కదా, అచ్చం అలాగే! ఒక్కరోజులో కాదు, రోజుకి నాలుగు గుటకలు. అందుకే బరువు పెరిగిన సంగతి మనకి తెలియదు, పిల్లే బలహీనపడిందనుకుంటాం.

నీళ్లు తాగిన బోర్డు మునిగిపోదు. పెద్ద బోర్డు ఎనభై లీటర్ల నీటిని పక్కకి నెట్టేంత ఉంటుంది కాబట్టి మూడు లీటర్లు చేరితే ములగదు. కాకపోతే నీళ్లలో కాస్త కిందికి కూరుకుంటుంది, అల తోస్తే ఆలస్యంగా కదులుతుంది. తోకలో నీరుంటే ముక్కు పైకి లేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అల విసిరినప్పుడు తలకి తగిలే దెబ్బ మూడు కిలోలు ఎక్కువ బరువుతో తగులుతుంది. నానిన థర్మోకోల్‌లో మరల పట్టు కూడా సడలుతుంది. కాలితాడు బిళ్ల ఊడి వస్తే నడి నీళ్లలో పిల్ల ఒక వైపు, బోర్డు ఒక వైపు. ఋషికొండలో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి కాబట్టి ఇది తమాషా విషయం కాదు.

వడియాలు కాదు, ఎండలో పెట్టకండి!

నీరు తాగిందని తెలియగానే మనందరికీ తట్టేది మేడ మీద ఎండ. వడియాలు, అప్పడాలు, పరుపులు అన్నీ అక్కడేగా! ఇంగ్లండు నుంచి హవాయి వెళ్లిన విలియం ఎల్లిస్ అనే మత ప్రచారకుడు 1820లలో అక్కడివాళ్ల అలవాటు రాసి పెట్టాడు. ఆట అయ్యాక చెక్క పలకని బాగా ఎండబెట్టి, కొబ్బరినూనె పట్టించి, గుడ్డ చుట్టి, ఇంట్లో వేలాడదీసేవారట. అయితే అది చెక్క. థర్మోకోల్ దగ్గర ఈ వైద్యం పనికిరాదు. వేడికి దిమ్మె మెత్తబడుతుంది, జిగురు వదులుతుంది, లోపలి తేమ, గాలి కలిసి పై పొరని పూరీలా పొంగిస్తాయి. పొంగిన పొర మళ్లీ అతుక్కోవడం కల్ల. తలుపులు మూసిన కారులో వదిలేసినా ఇదే గతి. హెయిర్ డ్రయ్యరూ వద్దు.

మేం చేసింది చెబుతాను. ముందు బోర్డుని మంచినీళ్లతో కడిగాం. తర్వాత తోక దగ్గరి మరలన్నీ విప్పి రెక్కలూ, కాలితాడు బిళ్లా తీసేశాం. కొందరు డ్రిల్లుతో కన్నాలు పెట్టమంటారు గానీ, ఇలా మరలు విప్పితే ముందునుంచీ ఉన్న కన్నాలే బయటపడతాయి. కొత్తవి పొడవడం ఎందుకు? వెనక గదిలో ఎండ పడని మూల తోక కిందికి వచ్చేలా గోడకి ఆనించి, కింద పాత పళ్లెం పెట్టాను. పది నిమిషాల్లో చుక్క చుక్కగా నీరు మొదలైంది. మొదటి రోజు పళ్లెం రెండుసార్లు పారబోశాను. పెట్టినచోటే అది తడిసి మెత్తబడకుండా అడుగున రెండు చెక్క ముక్కలు పెట్టి కాస్త ఎత్తు చేశాను.

కారే నీరంతా కారిపోయాక అసలు ఓపిక మొదలవుతుంది. గింజల మధ్య మిగిలిన తేమ గాలికి ఆరాల్సిందే. విశాఖ గాలిలో చెమ్మ ఎంతో మీకు తెలుసు, ఉప్పు డబ్బా మూత తీస్తే ముద్దకడుతుంది! టేబుల్ ఫ్యాన్‌ని ఆ కన్నాల వైపు తిప్పి రాత్రిళ్లు వేసి ఉంచాను. రెండ్రోజులకోసారి బోర్డుని పక్కకి తిప్పేదాన్ని. ఏసీ గది ఉన్నవాళ్లకి ఇంకా మంచిది, ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది. వర్షాకాలంలో మాత్రం ఫ్యాను ఒక్కటే అయితే ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఆరిందని ఎలా తెలుస్తుంది? చేత్తో తాకి చూస్తే తెలియదు. ప్రతి ఆదివారం తూచి, క్యాలెండర్ మీద రాయమని మా అమ్మాయికి చెప్పాను. మొదటి వారం ఏడున్నర. రెండో వారం ఏడు. తర్వాత నత్తనడకే. రెండు ఆదివారాలు వరసగా ఒకే బరువు వచ్చాకే ఆరినట్టు. మాకు ఆరు వారాలు పట్టింది, ఆరు కిలోల దగ్గర ఆగింది. ఆ అర కిలో ఇక రాలేదు, ఉప్పో, చెక్క బద్దలోని చెమ్మో! దానితో పేచీ లేదు. మధ్యలో "ఇక చాల్లే అమ్మా, ఈ వారం తీసుకెళ్తా" అని పిల్ల రోజూ ఒకటే గొడవ. తడి లోపలుండగా కన్నం మూసేస్తే ఆ నీరు లోపలే బందీ అయిపోతుంది, అంతకన్నా తెరిచి ఉంచడమే నయం.

జిగురు దగ్గర జాగ్రత్త

ఇప్పుడు మూయడం. చెప్పుల షాపులో వాడే ఘాటు వాసన జిగురుతో థర్మోకోల్ అతికించడానికి ప్రయత్నించిన వాళ్లకి తెలుసు, అది అతకదు సరికదా, కరిగి గుంట పడుతుంది. పెట్రోలు, నెయిల్ పాలిష్ తీసే ద్రవం కూడా అంతే. గట్టి బోర్డులు బాగుచేసే పాలియెస్టర్ రెజిన్ కూడా థర్మోకోల్‌ని తినేస్తుంది. ఇక్కడ వాడాల్సింది రెండు ట్యూబులు కలిపి చేసే ఎపాక్సీ రకం, అరాల్డైట్ లాంటిది. మర కన్నం లోపలి అంచులకి అది పల్చగా పూసి, గట్టిపడనిచ్చి, బిళ్లల కింద సిలికాన్ పేస్టు రాసి, వాషర్లు వేసి మరలు బిగించాం. అడుగు ప్లాస్టిక్‌కి ఏ జిగురూ సరిగ్గా పట్టదు. కనుక మర బిగింపు మధ్య సిలికాన్ నలిగి వాషర్‌లా పని చేయాలి తప్ప అతుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. మరీ బిగించినా థర్మోకోల్ నొక్కుకుపోతుంది. చేతి బిగువు చాలు.

అన్ని బోర్డులూ బాగుపడవు. మధ్య చెక్క విరిగి బోర్డు నడుము దగ్గర వంగుతుంటే, పై పొర జానెడు కన్నా ఎక్కువ లేచిపోతే, లోపల్నుంచి బూజు వాసన కొడుతుంటే దాని మీద పిల్లల్ని సముద్రంలోకి పంపకండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడే తోక కిందికి పెట్టి పది నిమిషాలు నిలబెట్టి చూడండి, మొహమాటపడొద్దు. పనికిరాని బోర్డుని ఒడ్డున మాత్రం వదలొద్దు. థర్మోకోల్ చితికితే ఆ గింజల్ని ఏరడం ఎవరి తరమూ కాదు, గాలికి ఎగిరి నీళ్లలో కలుస్తాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం మనది. పొర చిరగకుండా అలాగే ఇంటికి తెచ్చి అరుగు మీద బల్లగా వేసుకోవచ్చు. మా పక్కింటివాళ్లు ఒకదాన్ని రెండు ఇటుక దిమ్మెల మీద పెట్టి పూలకుండీలు పేర్చారు, చూడముచ్చటగా ఉంది.

బాగుచేసిన బోర్డుతో మా అమ్మాయి మూడో రోజే అల అందుకుంది. వాళ్ల మాస్టారు "ఏమ్మా, ఈ నెలన్నర కసరత్తు చేశావా?" అని అడిగారట! ఇప్పుడు నీళ్లలోంచి వచ్చీ రాగానే బోర్డుని సరుగుడు చెట్ల నీడలో పడేస్తుంది. ఇంటికొచ్చి మంచినీళ్లు పోసి, మరలు ఒకసారి తిప్పి చూసుకుంటుంది. నెలకోసారి తూచడం నా వంతు. పోయిన నెల ఆరు కిలోలే ఉంది.