ఊపు – అదుపు

పాఠ్యభాగ నేపథ్యం

విజ్ఞానశాస్త్ర విషయాలను తెలుగులో చదివి, తెలుగులో ఆలోచించే అలవాటు విద్యార్థులకు కలిగించడం ఈ పాఠం ఉద్దేశం. ఊగే వస్తువు కొంతసేపటికి ఎందుకు నిలిచిపోతుంది? అది ప్రకృతిలోని లోపమా, మనకు దొరికిన రక్షణా? శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలలో నిత్యం కనిపించే దృష్టాంతాల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నలకు సమాధానం వెదుకుతుంది.

పాఠ్యభాగం

ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కి బెంగుళూరు దిక్కుగా వెళ్లేవారు పెనుకొండ, హిందూపురం మీదుగా ప్రయాణిస్తారు. పట్టాల అతుకుల మీద చక్రాలు పరుగెత్తుతున్నప్పుడు పెట్టె ఒక్కసారి అదురుతుంది. మరుక్షణంలోనే కుదుటపడుతుంది. అదిరినందుకు మనం విసుక్కుంటాం. కుదుటపడినందుకు మాత్రం ఎవ్వరమూ ఆశ్చర్యపోం. నిజానికి ఆశ్చర్యపడవలసింది ఆ రెండవ విషయానికే. అన్ని టన్నుల బరువున్న పెట్టె స్ప్రింగుల మీద నిలిచి ఉంది. స్ప్రింగు స్వభావం అణిగిన కొద్దీ పైకి లేవడం, లేచిన కొద్దీ మళ్లీ అణగడం. అటువంటప్పుడు ఒక్క కుదుపుకు మొదలైన ఊగిసలాట హిందూపురం వరకు సాగకుండా ఎవరు ఆపుతున్నారు?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా ఊగడం అంటే ఏమిటో తెలుసుకోవాలి. చింతచెట్టు కొమ్మకు కట్టిన ఊయలను గమనించండి. కదలకుండా ఉన్నప్పుడు అది నిలిచే చోటును మాధ్యమిక స్థానం అంటారు. ఊయలను ఒక పక్కకు లాగి వదిలితే అది తన స్థానానికి తిరిగి వస్తుంది. కాని అక్కడ ఆగలేదు. అప్పటికి దానికి వేగం ఉంటుంది. జడత్వం వల్ల రెండవ పక్కకు దూసుకుపోతుంది. మళ్లీ వెనుకకు మళ్లుతుంది. ఈ విధమైన గమనాగమనాలకే శాస్త్రంలో డోలనం అని పేరు. మాధ్యమిక స్థానం నుండి వస్తువు చేరుకునే అత్యధిక దూరాన్ని కంపన పరిమితి అంటారు. ఊయలలోనైనా, లోలకంలోనైనా, స్ప్రింగులోనైనా జరిగే కథ ఇదే. స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంతో అది వెనుకకు లాగుతుందన్న నియమాన్ని 1678లో రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ప్రకటించాడు.

ఈ బలాలు మాత్రమే ఉంటే ఒకసారి ఊపిన ఊయల యుగాంతం వరకు ఊగుతూనే ఉండాలి. అలా జరగదని పసిపిల్లలకు కూడా తెలుసు. గాలి అడ్డుపడుతుంది. కొమ్మకూ తాడుకూ మధ్య ఒరిపిడి ఉంటుంది. తాడులోని పేటలు ఒకదానితో మరొకటి రాసుకుంటాయి. ఇవన్నీ ఊయల శక్తిని కొంచెం కొంచెంగా హరిస్తాయి. డోలనం చేసే వస్తువు నుండి ఈ విధంగా శక్తిని తీసివేసే చర్యను అవరోధనం అంటారు. అవరోధనానికి లోనై క్రమంగా క్షీణించే డోలనాలే అవరుద్ధ డోలనాలు. పోయిన శక్తి నశించదు. అది ఉష్ణంగా మారి పరిసరాలలో కలిసిపోతుంది.

ఆ క్షీణతకు కూడా ఒక క్రమం ఉంది. నూనె వంటి ద్రవంలో కదిలే వస్తువును తీసుకుందాం. వేగం పెరిగిన కొద్దీ ద్రవం కలిగించే అడ్డగింపు కూడా పెరుగుతుంది. అటువంటి వస్తువు కంపన పరిమితి మొదట 20 సెంటీమీటర్లు ఉండి, ఒక డోలనం తరువాత 16 సెంటీమీటర్లకు తగ్గిందనుకుందాం. తరువాతి డోలనంలో అది 12కు రాదు, 12.8కి వస్తుంది. ఆపైన 10.24 అవుతుంది. అంటే ప్రతిసారీ తగ్గేది ఒకే కొలత కాదు, ఒకే నిష్పత్తి. శక్తి కంపన పరిమితి వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, ఒక్కొక్క డోలనానికి ఆ వస్తువు తన శక్తిలో నూటికి 36 వంతులు కోల్పోతున్నదన్నమాట. గోడగడియారంలోని లోలకం నిత్యం ఇలా కోల్పోయే శక్తిని తిరిగి నింపడానికే దానికి కీ ఇవ్వవలసి వచ్చేది.

ఇక ధర్మవరంలోనే ఒక చేనేత కార్మికుని ఇంటికి వెళదాం. పట్టుచీరలకు ప్రసిద్ధి చెందిన ఈ పట్టణంలో మగ్గం చప్పుడే వీధులకు లయ. తాడు లాగగానే నాడె పరుగెత్తే మగ్గాలలో ఆ నాడె పడుగు దారాల నడుమ దూసుకుపోయి, రెండవ కొసన ఉన్న పెట్టెలోకి చేరాలి. చేరడం ఒక ఎత్తు, అక్కడ నిలవడం మరొక ఎత్తు. గోడకు కొట్టిన బంతిలా నాడె వెనుకకు ఎగిరివస్తే పేక దారం వదులై నేత చెడిపోతుంది. మరమగ్గాలలో నాడె వేగం ఇంకా ఎక్కువ. అందువల్ల దాన్ని పక్కనుండి ఒత్తిపట్టే ఏర్పాటు ఒకటి పెట్టెలో ఉంటుంది. ఆ ఒరిపిడిలో నాడె తన వేగాన్ని పోగొట్టుకొని తిరుగుదెబ్బ లేకుండా ఆగుతుంది. మరమగ్గాల అదురు నేలకూ గోడలకూ పాకకుండా వాటి కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు పరచడం కూడా ఇటువంటి ఉపాయమే. ఘర్షణను మనం సాధారణంగా నష్టంగా లెక్కిస్తాం. ఇక్కడ అదే నేతకు ప్రాణం పోస్తున్నది.

రైలుపెట్టె కింద జరిగేది కూడా ఇదే. అయితే అక్కడ పని చేసేది నూనె. చాలాకాలం మన రైళ్లకు మద్రాసులోని పెరంబూరు కర్మాగారం రూపొందించిన నమూనా పెట్టెలే ఉండేవి. వాటి ఇరుసుల వద్ద స్ప్రింగుల నడుమ నూనె నింపిన గొట్టాలుంటాయి. స్ప్రింగు అణిగినప్పుడు గొట్టంలోని నూనె సన్నని రంధ్రాల గుండా బలవంతంగా వెళ్లవలసి వస్తుంది. స్ప్రింగు కుదుపును మింగుతుంది. నూనె దాన్ని జీర్ణం చేస్తుంది. స్ప్రింగు తాను మింగిన శక్తిని మళ్లీ బయటికి కక్కుతుంది. నూనె మాత్రం దాన్ని వేడిగా మార్చి తిరిగి ఇవ్వదు. ఆ తరువాత వచ్చిన జర్మను నమూనా పెట్టెలలో నిలువు ఊపును, పక్క ఊపును, మెలి ఊపును అదుపు చేయడానికి వేరువేరు అవరోధకాలు అమర్చారు.

రైలు పెనుకొండ చేరింది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధానిగా నిలిచిన ఊరు ఇది. ఈ మండలంలోని ఎర్రమంచి వద్ద 2019లో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో అది మొదలైంది. ప్రతి కారుకూ చక్రాల దగ్గర స్ప్రింగులూ, వాటికి తోడుగా షాక్ అబ్జార్బర్లూ ఉంటాయి. వీటిలో ఎంత అవరోధనం ఉండాలన్నది ఇంజనీరు తేల్చుకోవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మూడు సమాధానాలున్నాయి. అవరోధనం తక్కువగా ఉంటే వస్తువు అనేకసార్లు ఊగి ఊగి ఆగుతుంది. దీన్ని న్యూన అవరోధనం అనవచ్చు. మరీ ఎక్కువగా ఉంటే వస్తువు ఊగనే ఊగదు. కాని తేనెలో కూరుకుపోయిన చీమలా ఎంతో ఆలస్యంగా తన స్థానానికి చేరుతుంది. ఇది అధిక అవరోధనం. ఈ రెండింటికీ సరిహద్దులో, ఊగకుండానే అతి త్వరగా స్థిమితపడే స్థితి ఒకటుంది. అదే సందిగ్ధ అవరోధనం. కార్యాలయాలలో తమంతట తామే మూసుకునే తలుపులను చూడండి. కొన్ని అటూ ఇటూ కొట్టుకుంటాయి. కొన్ని ఎంతకూ మూసుకోవు. చక్కగా అమర్చిన తలుపు మాత్రం చప్పుడు లేకుండా వచ్చి చౌకట్టులో ఒదుగుతుంది. కార్లలో అవరోధనాన్ని సందిగ్ధ స్థితి కంటే కొంత తక్కువగానే ఉంచుతారు. మరీ బిగిస్తే రోడ్డు మీది ప్రతి గులకరాయీ ప్రయాణికుని వెన్నుపూసకు తెలిసిపోతుంది. వదిలేస్తే వాహనం పడవలా ఊగుతుంది.

ఇది సుఖానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఊళ్లనుండి కళాశాలకు మోటారు సైకిళ్ల మీద వచ్చే విద్యార్థులు మీలో ఎందరో ఉన్నారు. ఆ బండి ముందు చక్రానికి ఇరువైపులా ఉన్న గొట్టాలలో కూడా నూనె ఉంటుంది. సీలు అరిగిపోతే ఆ నూనె కారిపోతుంది. స్ప్రింగు ఉంటుంది కనుక బండి నడుస్తూనే ఉంటుంది. అందువల్ల లోపం తెలియదు. కాని గుంతలో పడిన చక్రం ఒక్కసారి ఎగిరి ఊరుకోదు, పదేపదే ఎగురుతుంది. ఎగిరిన ఆ క్షణంలో టైరుకు నేల మీద పట్టు ఉండదు. పట్టులేని చక్రానికి బ్రేకు వేసినా ప్రయోజనం ఉండదు. అడ్డువచ్చిన మేకపిల్లను గాని, మనిషిని గాని తప్పించగలగడం ఆ కాస్త నూనె మీద ఆధారపడి ఉందని మరువకూడదు. గొట్టాల మీద నూనె చారలు కనిపించినా, హ్యాండిలును కిందికి నొక్కి వదిలినప్పుడు బండి ఒకసారికి మించి ఊగుతున్నా మెకానిక్కుకు చూపించడం మన బాధ్యత.

సీలు చెడిపోవడం అనే చిన్న విషయం పెద్ద నిర్మాణాల చరిత్రలో కూడా కనిపిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా నారోస్ అనే వేలాడే వంతెనను 1940 జూలై 1న ప్రారంభించారు. స్తంభాల నడుమ దాని పొడవు 853 మీటర్లు. గాలి వీచినప్పుడల్లా అది అలలా ఊగేది. ఆ ఊపును అణచడానికి వంతెన తలానికీ స్తంభాలకూ మధ్య ద్రవంతో పనిచేసే అవరోధకాలు అమర్చారు. రంగు వేయడానికి ముందు ఇసుకను చిమ్మి వంతెనను శుభ్రపరిచినప్పుడు వాటి సీళ్లు దెబ్బతిన్నాయి. అవి నిరుపయోగమయ్యాయి. నాలుగు నెలలకే, నవంబరు 7న, గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి వంతెన మెలికలు తిరిగి కూలిపోయింది. ఆ అవరోధకాలు పనిచేసి ఉంటే వంతెన నిలిచేదని చెప్పలేం. ఎందుకంటే ఆనాడు గాలి ప్రతి మెలికకూ కొత్త శక్తిని అందిస్తూ పోయింది. ఖర్చు కంటే రాబడి ఎక్కువైన చోట ఊపు పెరగక తప్పదు.

లండనులోని మిలీనియం కాలివంతెన కథ దీనికి భిన్నంగా ముగిసింది. 2000 జూన్ 10న ప్రారంభమైన రోజునే జనం నడకకు అది పక్కలకు ఊగింది. ఊగినప్పుడు పడిపోకుండా జనం అడుగులను ఊపుకు తగినట్లు వేశారు. ఆ అడుగులు ఊపును మరింత పెంచాయి. సరైన సమయానికి తోస్తూ ఉంటే చిన్నపిల్ల కూడా పెద్ద ఊయలను ఎత్తుకు ఊపగలదు కదా! ఇంజనీర్లు వంతెనను మూసివేసి, దాన్ని పడగొట్టకుండానే, 37 ద్రవ అవరోధకాలను, వాటికి తోడు బరువులతో పనిచేసే మరి 52 అవరోధకాలను అమర్చారు. 2002 ఫిబ్రవరిలో తిరిగి తెరిచారు. అప్పటినుండి దాని మీద జనం నిశ్చింతగా నడుస్తున్నారు.

అవరోధనం ఎల్లప్పుడూ ఎక్కువగా ఉండాలా? ఈ ప్రశ్నకు సమాధానం హిందూపురం దగ్గర దొరుకుతుంది. అక్కడికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దంలో, విజయనగర ప్రభువుల కాలంలో నిర్మితమైంది. దాని నాట్యమండపంలోని స్తంభాల మీద వాద్యకారుల శిల్పాలు చెక్కి ఉన్నాయి. మద్దెల వాయించే చేతిని ఒకసారి భావించండి. దెబ్బ కొట్టి వేళ్లను వెంటనే పైకి తీస్తే నాదం మోగుతుంది. అరచేతిని చర్మం మీదనే ఉంచితే నాదం అణగిపోతుంది. కంపనాన్ని ఎప్పుడు వదలాలో, ఎప్పుడు అణచాలో తెలియడమే మార్దంగికుని విద్యలో సగం. గుడిగంటను కంచుతో పోతపోయడం కూడా ఇందుకే. కంచులో అంతర్గత అవరోధనం స్వల్పం కనుక ఒక్కసారి కొట్టిన గంట చాలాసేపు మోగుతుంది. గంటకు తక్కువ అవరోధనం అందం. బండికి అది అపాయం. ఎక్కడ ఎంత కావాలో నిర్ణయించడమే వివేకం.

‘అవరోధం’ అనే మాటకు వాడుకలో మంచి పేరు లేదు. అడ్డంకి అనే అర్థంలోనే దాన్ని వాడుతున్నాం. సంస్కృత కావ్యాలలో మాత్రం ఈ పదానికి అంతఃపురం అనే అర్థం కూడా ఉంది. అంటే రక్షింపబడిన చోటు. ‘రుధ్’ అనే ఇదే ధాతువు నుండి ‘రోధస్సు’ అనే పదం పుట్టింది. దానికి ఏటి ఒడ్డు అని అర్థం. హిందూపురం ప్రాంతం గుండా సాగే పెన్ననూ, ధర్మవరం పక్కన పారే చిత్రావతినీ తలచుకోండి. ఒడ్డు ఏటి దారికి అడ్డుపడదు. ఏరు ఊరి మీద పడకుండా కాచి, దాన్ని ఏరుగా నిలుపుతుంది. రైలుపెట్టె కింద ఎవరి కంటా పడకుండా గొట్టాలలో కదిలే నూనె చేస్తున్న పని కూడా అదే.

కఠిన పదాలు – అర్థాలు

అవరోధనం : అడ్డగించడం, అదుపు చేయడం
డోలనం : ఊగడం
మాధ్యమిక స్థానం : ఊగే వస్తువు కదలకుండా నిలిచే చోటు
నాడె : పేక దారాన్ని పడుగు నడుమ తీసుకుపోయే సాధనం
మార్దంగికుడు : మృదంగం వాయించేవాడు

వ్యాకరణాంశాలు

గమనాగమనాలు : గమన + ఆగమనాలు – సవర్ణదీర్ఘ సంధి
అత్యధిక : అతి + అధిక – యణాదేశ సంధి
పట్టుచీర : పట్టుతో నేసిన చీర – తృతీయా తత్పురుష సమాసం

ప్రశ్నలు

1. అవరోధనంలోని మూడు స్థితులను తగిన ఉదాహరణలతో వివరించండి.
2. టకోమా నారోస్, మిలీనియం వంతెనల అనుభవాల నుండి మనం గ్రహించవలసినదేమిటి?
3. “స్ప్రింగు కుదుపును మింగుతుంది. నూనె దాన్ని జీర్ణం చేస్తుంది.” ఈ వాక్యాలలోని భావాన్ని విశదీకరించండి.
4. మీ ఇంట్లో గాని, మీ ఊరిలో గాని అవరోధనం ఉపయోగపడే రెండు సందర్భాలను, అది తక్కువగా ఉండవలసిన ఒక సందర్భాన్ని గుర్తించి రాయండి.