ఇంట్లో ఒకరికి కోవిడ్ వస్తే మిగిలినవారు టీకా ఎప్పుడు వేయించుకోవాలి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడి వర్క్‌షాపులో, ఇతర రైల్వే విభాగాల్లో పనికి కుదిరిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా రైల్వే కాలనీల్లో నివసిస్తున్నాయి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చిన ఊరు ఇదే.

రైళ్లు నడిపేవారికి, మరమ్మతు చేసేవారికి ఇంటి నుంచి పని చేసే వీలుండదు. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ వెళ్లి వచ్చిన రైల్వే రక్షక దళ సిబ్బందిలో కొందరికి కోవిడ్ సోకినట్లు తేలడంతో, వారితో మెలిగినవారిని క్వారంటైన్‌కు పంపాల్సి వచ్చింది. టీకాలు వచ్చాక మరో ప్రశ్న ఎదురైంది. ఇంట్లో ఒకరికి కోవిడ్ వచ్చినప్పుడు మిగిలినవారు వెంటనే టీకాకు పరుగెత్తాలా, ఆగాలా?

ఐసొలేషన్ వేరు, క్వారంటైన్ వేరు

వ్యాధి నిర్ధారణ అయిన వ్యక్తిని విడిగా ఉంచడం ఐసొలేషన్. ఆ వ్యక్తికి దగ్గరగా మెలిగి, ఇంకా లక్షణాలు లేనివారు ఇల్లు కదలకుండా గమనించుకోవడం క్వారంటైన్. కేంద్ర ఆరోగ్యశాఖ 2022 జనవరి 5న సవరించిన మార్గదర్శకాల ప్రకారం, స్వల్ప లక్షణాలున్న రోగి పాజిటివ్ వచ్చిన నాటి నుంచి కనీసం 7 రోజులు ఐసొలేషన్‌లో ఉండాలి. చివరి 3 రోజులు వరుసగా జ్వరం ఉండకూడదు. అంతకుముందు ఈ గడువు లక్షణాలు మొదలైన నాటి నుంచి 10 రోజులు.

ఉదాహరణకు లోకోషెడ్‌లో పనిచేసే ఒకరికి 4వ తేదీన పాజిటివ్ వచ్చిందనుకుందాం. 8వ తేదీకే జ్వరం తగ్గిపోతే 11తో గడువు ముగుస్తుంది. 10వ తేదీన కూడా జ్వరం ఉంటే మాత్రం 13 వరకు ఆగాలి.

గడువు ముగిశాక మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ఆర్‌టీపీసీఆర్ గానీ, ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన కోవిరాప్ గానీ వెతికేది వైరస్ జన్యుపదార్థాన్ని. వైరస్ చచ్చాక కూడా దాని శకలాలు కొన్ని వారాల పాటు శరీరంలో మిగలవచ్చు. కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇతరులకు అంటుతుందని అర్థం కాదు.

టీకాకు తొందర ఎందుకు పనికిరాదు?

అదే ఇంట్లో భార్యకు 8వ తేదీన రెండో డోసు ఉందనుకుందాం. ఆమెకు జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా క్వారంటైన్ ముగిసేదాకా ఆగడమే మంచిది. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే కోవిడ్ ఇతరులకు సోకుతుంది. టీకా కేంద్రం వరుసలో ఆమె పక్కన వృద్ధులు, మధుమేహం ఉన్నవారు ఉండవచ్చు. రెండోది, టీకా ఆ పూటే కాపాడదు. రోగనిరోధక వ్యవస్థ తగినన్ని ప్రతిరక్షకాలను తయారు చేసుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కోవిడ్ వైరస్ చాలామందిలో అంతకంటే ముందే బయటపడుతుంది.

కుక్క కరిచాక వేసే టీకా పనిచేస్తుంది కదా అన్న సందేహం సహజమే. రేబిస్ వైరస్ నరాల వెంట నెమ్మదిగా మెదడుకు చేరుతుంది. సాధారణంగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ఆలోగా టీకాకు పనిచేసే వ్యవధి దొరుకుతుంది. కోవిడ్ ఆ వ్యవధి ఇవ్వదు. ఇంట్లో ఉన్న వైరస్‌ను ఆపేది దూరం, మాస్కు, గాలి. టీకా రక్షించేది తర్వాతి రోజుల్లో.

మూడు నెలల నిబంధన ఎవరికి?

చాలామంది పొరబడేది ఇక్కడే. 2021 మేలో ఆరోగ్యశాఖ ఆమోదించిన సిఫారసు ప్రకారం, కోవిడ్ వచ్చి కోలుకున్నవారు టీకాను 3 నెలలు వాయిదా వేసుకోవాలి. మొదటి డోసు తర్వాత కోవిడ్ సోకినా, రెండో డోసుకు కోలుకున్నాక 3 నెలలు ఆగాలి. 2022 జనవరిలో ముందుజాగ్రత్త డోసుకూ ఇదే వర్తింపజేశారు. వ్యాధి వల్ల వచ్చిన రక్షణ కొంతకాలం నిలుస్తుంది కనుక ఈ వ్యవధి.

ఈ నిబంధన వ్యాధి సోకినవారికే. రోగితో ఒకే ఇంట్లో ఉన్నా వ్యాధి సోకనివారు మూడు నెలలు ఆగనక్కర్లేదు. క్వారంటైన్ ముగిసి, లక్షణాలు లేకుంటే డోసు వేయించుకోవచ్చు. అనవసరంగా వాయిదా వేస్తే అసలు రక్షణ అవసరమైన వ్యక్తే రక్షణ లేకుండా మిగిలిపోతారు.

రెండు గదుల ఇంట్లో

2020 డిసెంబరులో వెలువడిన 54 అధ్యయనాల విశ్లేషణలో, రోగి ఇంట్లోని మిగిలినవారిలో సగటున 16.6 శాతం మందికి వ్యాధి సోకినట్లు తేలింది. ఒమిక్రాన్ కాలానికి ఇది బాగా పెరిగింది. అయినా ఇంట్లో అందరికీ తప్పదు అనుకోవాల్సిన పని లేదు.

- గాలి వచ్చే గదిని రోగికి ఇవ్వాలి. కిటికీలు తెరిచి ఉంచాలి.
- వృద్ధులు, బీపీ, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రోగికి దూరంగా ఉండాలి.
- సేవ చేసేది ఒక్కరే అయితే మేలు. టీకా పూర్తయినవారైతే మరీ మంచిది.
- గదిలో ఇద్దరూ మూడు పొరల మాస్కు ధరించాలి. 8 గంటలకు లేదా తడిస్తే ముందే మార్చాలి.
- రోగి పళ్లెం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచాలి.
- స్నానాలగది ఒక్కటే ఉంటే రోగి చివర వాడాలి. తర్వాత శుభ్రం చేయాలి.

ఇంట్లో ఉండకూడని సందర్భం

100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించిన జ్వరం 3 రోజులు దాటినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి లేదా ఒత్తిడి తగ్గకపోయినా, మాటలో తికమక కనిపించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి. పల్స్ ఆక్సీమీటర్‌లో గంటలోపు మూడుసార్లు చూసినా 93 లేదా అంతకంటే తక్కువే వస్తే ఆసుపత్రికి వెళ్లాలి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం పోలేదు. గడువులు, డోసుల వ్యవధులు కాలాన్నిబట్టి మారుతుంటాయి కాబట్టి అప్పటి సూచనలను స్థానిక ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. వాటి వెనకున్న లెక్క మాత్రం మారదు: వ్యాధి సోకినవారు విడిగా ఉండాలి, దగ్గరగా మెలిగినవారు కొద్దిరోజులు ఆగాలి, గడువు తీరాక టీకాను ఆలస్యం చేయకూడదు.